తిరిగి చెల్లించలేని కానుక

కూలికి, కానుకకు ఉన్న భేదం పల్లెటూరి పసివానికి కూడా తెలుసు. కూలి చేసిన పనికి ప్రతిఫలం. అది అందకపోతే అడిగే హక్కు ఉంటుంది, అందిన తరువాత ఉభయులకూ ఋణం తీరిపోతుంది. కానుక అలాటిది కాదు. దానిని అడిగే హక్కు ఎవరికీ లేదు. అందుకొన్న తరువాత లెక్క తీరిపోవడం కూడా ఉండదు. పెళ్లిలో చదివించిన కట్నాలను పద్దు వ్రాసుకొని, వారి ఇంట శుభకార్యం జరిగినప్పుడు అంతకు అంత చదివించే మన లోకాచారంలో కానుక క్రమంగా అప్పుగా మారిపోయింది. అందువల్లనే కాబోలు, నిజమైన కానుక ఎదురైనప్పుడు మనిషి తడబడతాడు.

క్రైస్తవులు "కృప" అని పిలిచేది ఈ రెండవ జాతికి చెందినది. అర్హత చూడకుండా, అడగకముందే, మళ్లీ తీర్చుకొనే వీలు లేకుండా దేవుడు మానవునికి ఇచ్చిన కానుక అది. అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి వ్రాసిన లేఖలో జీతాన్ని, వరాన్ని పక్కపక్కన నిలిపి ఈ భేదాన్నే వివరించాడు. అయితే అక్కడే ఒక చిక్కుప్రశ్న పుడుతుంది. తీర్చలేని కానుకను పొందినవాడు చేయవలసినది ఏమిటి?

ఈ ప్రశ్నకు రెండు తప్పు సమాధానాలు సులభంగా దొరుకుతాయి. ఉచితంగా వచ్చినది కనుక చేయవలసినది ఏమీ లేదని కూర్చోవడం మొదటిది. పూజలతో, ఉపవాసాలతో, విరాళాలతో ఎప్పటికైనా బాకీ తీర్చివేయవచ్చునని లెక్కలు కట్టడం రెండవది. మొదటివాడు కానుకను చులకన చేశాడు, రెండవవాడు దానిని కూలిగా మార్చివేశాడు. ఇక మిగిలిన త్రోవ ఒక్కటే. ఇచ్చినవానికి తిరిగి ఇవ్వలేము కనుక, ఎన్నడూ మనకు ఏమీ ఇవ్వని మరొకరికి ఇవ్వడం. ప్రేమ అన్నా, త్యాగం అన్నా ఆ త్రోవలో వేసే అడుగులే. చెప్పడానికి ఇది తేలిక. ఆచరణలో ఇది ఎంత కఠినమో, ఎక్కడ దారి తప్పుతుందో తెలుసుకోవాలంటే బంగాళాఖాతంలోని ఒక ద్వీపసముదాయం చరిత్రను చూడవచ్చు.

అండమాన్ నికోబార్ దీవులు తెలుగువారికి పరాయి ప్రాంతం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ నగరానికి 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అక్కడినుంచి దక్షిణంగా ఓడలో పోతే వచ్చే కార్ నికోబార్ 127 చదరపు కిలోమీటర్ల చదునైన నేల. చుట్టూ పగడపు దిబ్బలు, తీరం పొడుగునా కొబ్బరి తోటలు, వాటి నడుమ మొగలి జాతికి చెందిన చెట్లు. ఆ చెట్ల పెద్ద పండ్లను ఉడికించి పిండి తీసుకొని తినడం అక్కడివారి అలవాటు. వెనుకటి రోజులలో గుండ్రని గడ్డి ఇండ్లను తేనెపట్టు ఆకారంలో కట్టి, ఎత్తయిన స్తంభాలమీద నిలిపేవారు.

ఈ దీవులకు ప్రేమతో వచ్చి ప్రాణాలు ఇచ్చినవారిలో మొరావియన్ సోదరులు కూడా ఉన్నారు. తమిళ తీరంలోని తరంగంబాడిలో ఆనాడు డెన్మార్క్ వర్తక స్థావరం ఉండేది. అక్కడినుంచి 1768లో వారు నికోబార్‌లోని నాన్‌కౌరీ చేరుకొన్నారు. స్వయంగా చెట్లు నరికి, ఇండ్లు కట్టుకొని, ప్రకృతిశాస్త్ర ప్రియుల కోసం గవ్వలూ శంఖాలూ సేకరించి అమ్ముకొని కాలం గడిపారు. అక్కడి జ్వరం వారిని వదలలేదు. 1787లో ఆ ప్రయత్నాన్ని విరమించేనాటికి, నాన్‌కౌరీ నేలలోను, తిరిగి వచ్చిన తరువాత తరంగంబాడిలోను కలిపి ఇరవై మందికి పైగా సోదరులు చనిపోయారు. చివరివరకు నిలిచిన హెన్సెల్ అనే సోదరుడు తన అనుభవాలను లేఖలుగా వ్రాయగా అవి 1812లో లండనులో అచ్చయినాయి. అంత ప్రాణనష్టానికి ఫలితంగా చెప్పుకోదగినది ఏదీ కంటికి కనబడలేదు. అక్కడివారి భాష వారికి పూర్తిగా పట్టుబడలేదు. ప్రేమించాలన్న కోరిక ఎంత బలమైనదైనా, ఎదుటివాని మాట అర్థం కానంతవరకు అది గడప బయటే నిలిచిపోతుందని ఆ సమాధులు చెపుతున్నాయి.

రెండవ ఉదాహరణ ఇంకా చేదు. 1858లో బ్రిటిషు ప్రభుత్వం పోర్ట్ బ్లెయిరులో ఖైదీల వలస నెలకొల్పింది. కొద్దికాలానికే, 1863లో, హెన్రీ కార్బిన్ అనే మతాచార్యుని పర్యవేక్షణలో రాస్ ద్వీపంమీద అండమాన్ ఆదివాసుల కోసం ఒక "గృహం" వెలిసింది. ఆ ద్వీపానికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు. వారికి అన్నవస్త్రాలిచ్చి నాగరికత నేర్పాలన్నది అప్పటి ఉద్దేశం. ఆ ఉద్దేశంలో దయ లేదనలేము. కాని ఆ దయ, పొందేవారి ఇష్టాన్ని అడగలేదు. కాపలా మధ్య నడిచిన ఆ గృహాల ద్వారా, వలసతో పెరిగిన రాకపోకల ద్వారా, ఆ అరణ్యవాసుల శరీరాలు ఎరుగని జబ్బులు వారిలో ప్రవేశించాయి. 1877లో తట్టు వ్యాధి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. వలస మొదలైన నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమాన్ జాతివారు 1901 జనాభా లెక్కలలో 625 మంది, 1961లో 19 మంది మాత్రమే. ఇచ్చేవాని తృప్తికోసం ఇచ్చిన కానుక పుచ్చుకొన్నవానిని ఎంత దూరం తీసుకుపోగలదో ఈ అంకెలు చెపుతాయి.

ఈ నేపథ్యంలో వేదప్పన్ సాలమన్ అనే తమిళ ఉపదేశకుని పని చూడాలి. ఆయన 1890 దశకం మధ్యలో భార్యతో కార్ నికోబార్ ఉత్తర తీరంలోని మూస్ గ్రామానికి వచ్చాడు. ప్రభుత్వం ఆయనను తన ప్రతినిధిగా నియమించింది. వచ్చిపోయే ఓడల వివరాలు, ఊరి సంగతులు, జబ్బులు, పండుగలు, తగవులు, మరణాలు అన్నీ ఆయన దినచర్యగా వ్రాసి పోర్ట్ బ్లెయిరుకు పంపేవాడు. ఆ వ్రాతలలో కొంత భాగం 1902లో లండనులోని మానవశాస్త్ర సంస్థ పత్రికలో అచ్చయింది. అది గొప్ప వాఙ్మయం కాదు. కాని దానిలో ఒక ముఖ్య లక్షణం ఉంది. వ్రాసినవాడు ఆ ఊరిలో ప్రతి రోజూ ఉన్నాడు. మందు అడిగినవారికి మందు ఇచ్చాడు. పిల్లలను చేరదీసి అక్షరాలు నేర్పాడు. సముద్రం దాటి వచ్చిన చిన్న ఉద్యోగిగా ఆయనకు అంతకంటె ఎక్కువ చేయవలసిన విధి లేదు. అయినా జీవితాన్ని అక్కడే గడిపి, 1909లో కన్నుమూశాడు.

సాలమన్ చేరదీసిన పిల్లలలో మూస్ గ్రామానికి చెందిన ఒక నికోబార్ బాలుడు ఉన్నాడు. అతడే తరువాత జాన్ రిచర్డ్‌సన్ అనే పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. సాలమన్ పూనికవల్ల బర్మాలోని మాండలే నగరంలో క్రైస్తవ పాఠశాలలో చదువుకొనే అవకాశం అతనికి కలిగింది. ఆ రోజులలో అంతటి చదువు చదివిన నికోబార్ యువకుడు రంగూనులోనో, మాండలేలోనో హాయిగా ఉద్యోగం సంపాదించుకొని ఉండవచ్చును. చదువు పూర్తయ్యే నాటికి గురువు లేడు.  అసలు పరీక్ష అక్కడే ఉంది. ఋణదాత ఎదుట ఉన్నప్పుడు కృతజ్ఞత సులభం. ఆయన లేనప్పుడు, చూసేవారు లేనప్పుడు, ఆ ఋణాన్ని ఎవరికి చెల్లించాలి?

రిచర్డ్‌సన్ మూస్ గ్రామానికే తిరిగి వచ్చాడు. గురువు ఎక్కడ పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పాడో అక్కడే ఉపాధ్యాయుడుగా, ఉపదేశకుడుగా పని మొదలుపెట్టాడు. జార్జి వైట్‌హెడ్ అనే మతాచార్యుడు కార్ నికోబార్ భాషకు నిఘంటువు కూర్చగా అది 1925లో రంగూనులో వెలువడింది. భాషా విషయంలో వైట్‌హెడ్‌కు రిచర్డ్‌సన్ తోడ్పడ్డాడు. తరువాత క్రొత్త నిబంధనను ఆ ద్వీపవాసుల నోటిమాటలోకి తేవడంలో ఆయన సంవత్సరాల తరబడి శ్రమించాడు. నూట యాభై ఏళ్లకు పూర్వం మొరావియన్ సోదరులకు అడ్డుగా నిలిచిన గోడ ఏదో, దానినే ఈయన ఒక్కొక్క రాయిగా తొలగించాడు. అనువాదం ప్రేమకు ఒక రూపమని చెప్పడం అతిశయోక్తి కాదు. తనకు అందినదాన్ని ఎదుటివాని మాటలో, ఎదుటివానికి అందే ఎత్తులో ఉంచడమే కదా అది!

ఆనాటి ద్వీపజీవితంలో భయానిదీ ఒక పెద్ద స్థానం. భూతం ఆవేశించిందని అనుమానం కలిగితే, ఆ మనిషిని ఊరు ఊరంతా కలిసి చంపివేసే ఆచారం ఉండేదని ఆ కాలపు ప్రభుత్వ వ్రాతలు తెలుపుతున్నాయి. ఆ భయాన్ని శిక్షలు పూర్తిగా తొలగించలేకపోయాయి. పాఠశాల, ప్రార్థన, వైద్యం, ఊరిలోనే పుట్టిన మనిషి ఊరిలోనే ఉండి చెప్పిన మాట, ఇవన్నీ కలిసి దానిని నెమ్మదిగా కరిగించాయి. అయితే రిచర్డ్‌సన్ తన ప్రజల జీవితాన్ని కూకటివేళ్లతో పెకలించాలని చూడలేదు. "తుహెత్" అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ అక్కడ నేటికీ ఉంది. భూమి, తోటలు, పందులు, పడవలు తుహెత్‌కు చెందుతాయి. వృద్ధులను, అనాథలను పోషించే బాధ్యత కూడా దానిదే. పంచుకొని తినడాన్ని అక్కడ క్రొత్తగా నేర్పవలసిన అవసరం లేకపోయింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ ప్రశాంతి చెదిరిపోయింది. 1942 మార్చి 23న జపాను సేనలు పోర్ట్ బ్లెయిరులో దిగాయి. అదే ఏడు కార్ నికోబార్ కూడా వారి వశమయింది. ద్వీపవాసులను నిర్బంధించి విమానాల మైదానం కట్టించారు. యుద్ధం ఎదురు తిరుగుతున్న కొద్దీ గూఢచారుల భయం పెరిగింది. ఏ తప్పూ ఎరుగని ద్వీపవాసులను అనుమానంమీద పట్టుకొని హింసించారు, అనేకులను చంపారు. ఆ హత్యల విషయమై 1946లో సింగపూరులో యుద్ధనేరాల న్యాయస్థానం విచారణ జరిపింది. రిచర్డ్‌సన్‌ను కూడా బంధించి హింసించారు. ఆయనకు మరణదండన ఖాయమయింది. 1945 ఆగస్టులో జపాను లొంగిపోవడంతో ఆ శిక్ష అమలు కాకుండా ఆగిపోయింది.

ఈ ఘట్టంలో ఒక విషయం విడిచిపెట్టరాదు. ప్రజల కోసం ప్రాణం ఇచ్చే గుణం ఏ ఒక్క మతంవారి సొత్తూ కాదు. అదే ఆక్రమణ కాలంలో, అదే దీవులలో, దివాన్ సింగ్ అనే సిక్కు వైద్యుడు సెల్యులర్ జైలులో నెలల తరబడి చిత్రహింసలు అనుభవించి 1944 జనవరి 14న మరణించాడు. ఆయన పంజాబీ కవి కూడా. తెలుగువారు, తమిళులు, వంగీయులు, ద్వీపాల ఆదివాసులు, ఎందరో ఆ రోజులలో ఒకరినొకరు కాపాడుకొన్నారు. కృపను ఎరిగిన క్రైస్తవునికి ఇది వినయాన్ని నేర్పవలసిన సంగతి. కానుకను పంచేవాడు, తానే దానికి హక్కుదారుననుకోరాదు.

చావు అంచునుంచి తిరిగి వచ్చిన రిచర్డ్‌సన్‌కు ఆ తరువాతి జీవితం అక్షరాలా కానుక. కష్టపడి సంపాదించుకొన్నది కాదు, అర్హతవల్ల వచ్చినది కాదు. తనతోపాటు పట్టుబడ్డ మంచివారు ఎందరో మిగలలేదు. ఇటువంటి స్థితిలో మనిషి మనసులో పగ పెరగవచ్చు, లేదా తానొక్కడే మిగిలాడన్న గర్వం పెరగవచ్చు. ఆ తరువాత లభించిన ముప్పై మూడేళ్లను ఆయన ఎలా వెచ్చించాడో చూస్తే ఆయన సమాధానం ఏమిటో తెలుస్తుంది. 1950లో ఆయన నికోబార్ దీవులకు బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. 1952లో రాష్ట్రపతి ఆయనను అండమాన్ నికోబార్ ప్రతినిధిగా తొలి లోక్‌సభకు నామినేట్ చేశారు. ఆ దీవుల ప్రజల పక్షాన పార్లమెంటులో కూర్చున్న మొదటి మనిషి ఆయనే. పద్మశ్రీ, పద్మభూషణ్ బిరుదులు ఆయనను వెదుక్కొంటూ వచ్చాయి. ఢిల్లీ చూసినా, బిరుదులు పొందినా, ఆయన ఊరు మూస్ గ్రామమే. 1978లో ఆయన మరణించాడు. కార్ నికోబార్‌లోని ప్రభుత్వ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు.

సాలమన్ ఒక బాలునికి ఇచ్చినది ఆ బాలుడు సాలమన్‌కు తిరిగి ఇవ్వలేదు, ఒక ద్వీపానికి ఇచ్చాడు. కృప పనిచేసే తీరు ఇదే. అది వెనక్కి ప్రవహించదు. గోదావరి నీరు పుట్టిన కొండకు తిరిగి పోదు, పొలాలవైపు పోతుంది. ఎవరైనా దానిని తన పెరటిలో కట్టి ఉంచుకొంటే అది నిలువ నీరై చెడుతుంది.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ ద్వీపాలను మరొక పరీక్షకు గురిచేసింది. అధికారిక లెక్కల ప్రకారమే అండమాన్ నికోబార్ దీవులలో మూడువేల మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. నికోబార్ దీవులే ఎక్కువగా నష్టపోయాయి. కార్ నికోబార్ తీరగ్రామాలు కొట్టుకుపోయాయి. బ్రతికినవారు ద్వీపం మధ్యనున్న మెరకకు చేరి, తుహెత్ కట్టుబాటు ప్రకారం ఉన్నది పంచుకొన్నారు, తల్లిదండ్రులు పోయిన పిల్లలను తమ ఇండ్లలో కలుపుకొన్నారు. తరువాత దేశం నలుమూలల నుంచి సహాయం వెల్లువెత్తింది. అందులో ఎంతో మేలు జరిగింది. కాని కుటుంబం అంటే భార్య, భర్త, పిల్లలు మాత్రమే అన్న లెక్కతో ఇండ్లు, నష్టపరిహారాలు పంచినప్పుడు, ఉమ్మడి తుహెత్‌లలో చీలికలకు అది దారితీసిందని అక్కడ అధ్యయనం చేసినవారు వ్రాశారు. రాస్ ద్వీపంలో జరిగిన పొరపాటే మరింత మెత్తని రూపంలో మళ్లీ వచ్చిందన్నమాట. ఇచ్చేవారు అడగవలసిన మొదటి మాట అడగలేదు: "మీరు ఎలా బ్రతుకుతారు?"

2018 నవంబరులో ఈ ప్రశ్న మరొక విధంగా లోకం ముందుకు వచ్చింది. జాన్ అలెన్ చౌ అనే 26 ఏళ్ల అమెరికా యువకుడు సువార్త చెప్పాలన్న తపనతో ఉత్తర సెంటినల్ ద్వీపానికి వెళ్లి అక్కడివారి బాణాలకు బలయ్యాడు. ఆ ద్వీపానికి ఎవరూ వెళ్లరాదని చట్టం ఉంది. బయటి జబ్బులను తట్టుకొనే శక్తి ఆ చిన్న జాతికి లేదన్నది దానికి ముఖ్యకారణం. ఆ యువకుని ధైర్యాన్ని, అతని విశ్వాసంలోని నిజాయితీని అవమానించనక్కరలేదు. అతడు తన ప్రాణాన్ని పణంగా పెట్టాడు. కాని దానితోపాటు తనది కాని దానినీ పణంగా పెట్టాడు. ఆ ద్వీపవాసుల ఆరోగ్యం అటువంటిది. అతనిని పడవలో తీసుకువెళ్లిన బీద మత్స్యకారులు అరెస్టయ్యారు. 1877నాటి తట్టు వ్యాధి చరిత్ర చదివినవారికి ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది. త్యాగం ఎంత పెద్దదో ఇచ్చినవాడు పోగొట్టుకొన్నదాన్నిబట్టి తెలియదు. పుచ్చుకొన్నవానికి కలిగిన మేలునుబట్టి తెలుస్తుంది. తనది ఇవ్వడం త్యాగం, ఇతరులది ఒడ్డడం త్యాగం కాదు.

కృపకు తగిన స్పందన ఎలా ఉంటుందో ఈ చరిత్రలో వెతికితే మూడు గుర్తులు దొరుకుతాయి. మొదటిది, అది ఎదుటివాని భాష నేర్చుకొంటుంది. భాష అంటే మాటలే కాదు, అతని భయాలు, మర్యాదలు, ఇల్లు నడిచే తీరు కూడా. రెండవది, అది నిలిచి ఉంటుంది. ఒక్కరోజు వీరత్వం కంటె సాలమన్ వ్రాసిన దినచర్యలో కనిపించే రోజువారీ సహవాసం బరువైనది. మూడవది, అది ప్రతిఫలం కోరదు. కృతజ్ఞతను కూడా కోరదు. పంపించిన ధనానికి, పెట్టిన అన్నానికి పొగడ్త ఎదురుచూసేవాడు కానుకను మళ్లీ కూలిగా మార్చుకొంటున్నాడు.

ఈ మూడూ పాటించడానికి సముద్రం దాటవలసిన పని లేదు. మంచంపట్టిన అత్తగారికి రాత్రివేళ నీళ్లు అందించే కోడలికి, చదువు మానిన పనిపిల్లను సాయంత్రం కూర్చోబెట్టి వ్రాయించే ఇల్లాలికి, అన్నదమ్ముల వాటాలలో తనకు రావలసిన గజం నేలను విడిచిపెట్టి తగవు తీర్చిన పెద్దకొడుక్కి ఈ త్రోవ తెలిసే ఉంటుంది. వారి పేర్లు పత్రికలలో రావు. కష్టమల్లా ఒక్కచోటనే ఉంది. ఇస్తున్నప్పుడు, తాను దాతననే ఊహ మనిషిలో తలెత్తుతుంది. తనకూ ఒకనాడు అడగకుండానే ఎవరో ఇచ్చారన్న జ్ఞాపకం మాత్రమే ఆ ఊహను అణచగలదు. మనిషికి చదువు చెప్పిన పంతులు, జ్వరంలో తల నిమిరిన తల్లి, ఆపదలో పూచీ నిలిచిన పొరుగువాడు, వీరెవరూ పద్దు వ్రాసి పెట్టలేదు.

మూస్ గ్రామంలో ఒకప్పుడు ఒక పరాయి ఉద్యోగి సముద్రపు ఒడ్డున ఆడుకొంటున్న పిల్లలను పిలిచి కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. వారిలో ఎవరు ఏమవుతారో ఆయనకు తెలియదు. ఆ బాలుడు బిషప్ కావడం, పార్లమెంటుకు వెళ్లడం చూడడానికి ఆయన బ్రతికి లేడు. ఫలితం చూడకుండానే ఇవ్వగలిగినవాడు కృపను సరిగా అర్థం చేసుకొన్నాడని చెప్పవచ్చు.